బర్నబా తోసిన కుర్చీ

నేను ఒక చక్రాల కుర్చీని. పేరున్న కంపెనీలో పుట్టినదాన్ని కాదు. వినుకొండలో లారీలు ఆగే చోట మస్తాన్ అనే వెల్డరు తన రేకుల షెడ్డులో మూడు రోజులు కూర్చుని నన్ను అతికించాడు. నా ఒళ్ళు నీళ్ళ గొట్టాలు, వెనక చక్రాలు ఒక పాత సైకిలువి, కూర్చునే చోట ప్లాస్టిక్ నవారు. మనుషులు ముందు నన్ను చూసి జాలిపడతారు, ఆ తరవాతే నాలో కూర్చున్న మనిషి ముఖం చూస్తారు. ఆ వరస తప్పని నేను వాళ్ళకు చెప్పలేను.

నన్ను చేయించినవాడు బర్నబా. ట్రాక్టరు డ్రైవరు. నెమ్మదైన మనిషే కానీ సాయంత్రమైతే సారా కొట్టు దాటి ఇంటికి పోలేకపోయేవాడు. ఒక వేసవిలో పక్క ఊళ్ళో సువార్త కూటాలు జరిగాయి. ఆఖరి రోజు సంఘం వాళ్ళని ట్రాక్టరు వెనక ట్రక్కులో ఎక్కించుకుని వస్తూ, కాలువ మలుపు దగ్గర బండిని గట్టు దింపేశాడు. తాగి ఉన్నాడు. ట్రక్కు ఒరిగింది. తక్కినవాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. దాని అంచు రాహేలు నడుము మీద పడింది.

రాహేలు బట్టలు కుట్టేది. ముసలి తల్లిని పోషించుకుంటూ, ఆదివారం మందిరంలో పాటలు ఎత్తుకుంటూ ఉండేది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఇక కాళ్ళు రావని డాక్టరు చెప్పిన మూడో రోజున బర్నబా ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన తల వంచుకుని నిలబడ్డాడట. ఇది నేను పుట్టకముందు సంగతి. నాలో కూర్చుని రాహేలు వాళ్ళమ్మతో చెప్పగా విన్నాను. చాలాసేపు ఏడ్చాక ఆమె అతనితో అన్నది ఇంతే:

“అన్నా, నీ మీద నాకేం లేదు. దేవుడి ముందు చెప్తన్నా. ఇంటికి పో, మార్తమ్మ వదిన ఎదురుచూస్తా ఉంటది.”

ఆ మాట బర్నబాకు మింగుడుపడలేదు. ఆమె తిట్టి ఉంటే, ముఖాన ఉమ్మేసి ఉంటే తట్టుకునేవాడేమో. ఆ రోజు నుంచి సారా మానేశాడు. ట్రాక్టరూ మానేశాడు. తరవాత నెలలో మస్తాన్ షెడ్డుకు వచ్చాడు.

పెద్ద చక్రాల పక్కన ఇనప చువ్వని గుండ్రంగా వంచి అతికిస్తానన్నాడు మస్తాన్. దాన్ని పట్టుకుని తిప్పుకుంటే ఆమె తనంతట తాను ఎక్కడికైనా పోవచ్చు. బర్నబా అక్కర్లేదన్నాడు. తోయటానికి తను ఉన్నాడుగా అన్నాడు. అలా నేను వెనక పిడులతో మాత్రమే పుట్టాను. ఆ పిడులు బర్నబావి.

రోజూ పొద్దున ఆరింటికల్లా వచ్చేవాడు. మందిరానికి, రేషన్ షాపుకి, కుట్టిన జాకెట్లు ఇచ్చిరావటానికి అతనే తోసేవాడు. ఊరు ఊరంతా మెచ్చుకుంది. ఇంత పశ్చాత్తాపం ఎక్కడా చూడలేదన్నారు. నా మీద బరువు ఎంతో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను: అతను వచ్చేదాకా రాహేలు గడప దాటలేకపోయేది. ఆడవాళ్ళతో మనసు విప్పి మాట్లాడదామంటే వెనక బర్నబా ఉండేవాడు. ఒకసారి కాలువ గట్టుకు తీసుకుపొమ్మంది. తన కాళ్ళని తలుచుకుని ఒంటరిగా కాసేపు ఏడవాలని ఆమె కోరిక. పక్కకు పోకుండా నా వెనకే నిలబడి అతనే బావురుమన్నాడు. చివరికి అతన్ని ఓదార్చటం ఆమె పని అయింది.

మందిరంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం నన్ను ముందు వరస దాకా తోసి, ఆమె రొట్టె తీసుకోగానే ముఖం తిప్పుకునేవాడు. తనకింకా అర్హత రాలేదనేవాడు. శుక్రవారాలు ఉపవాసం, మాంసం ముట్టడు, చాప కూడా లేకుండా నేల మీద పడక. దేవుడు అతన్ని ఇవన్నీ అడిగినట్టు నేనైతే వినలేదు. నేను ఇనుమునే కదా, నాకు వినపడనివి చాలా ఉంటాయి.

అతని ఇంటిని నడిపింది భార్య మార్తమ్మ. పొగాకు గ్రేడింగుకు పోయి, ఆ ఘాటులో పొద్దంతా ఆకు ఏరి, కూతురు సలోమిని సాకింది. నాలుగో ఏటి నుంచి ఆమెకు దగ్గు మొదలైంది. ఒకరోజు వచ్చి, ఆసుపత్రికి తోడు రావాలి, ఈ పూట ఆయన్ని పంపించమని రాహేలుని అడిగింది. అడగటానికి ఎంత సిగ్గుపడిందో నాకు గుర్తు. రాహేలు అప్పటికప్పుడు పొమ్మంది. అతను బస్‌స్టాపు దాకా వెళ్ళి, ఆ రోజు శుక్రవారమని, ఉపవాస ప్రార్థన తప్పకూడదని, భార్యని పక్కింటామెతో బస్సెక్కించి వెనక్కి వచ్చేశాడు. అలాంటి శుక్రవారాలు ఎన్నో. ఆరో ఏట మార్తమ్మ చనిపోయింది. తను చేసింది చాలలేదు కాబట్టే దేవుడు ఆమెను తీసుకుపోయాడని బర్నబా అర్థం చేసుకున్నాడు.

సమాధి చేసిన మర్నాడు, ఆరింటికి, అతను రాహేలు గుమ్మంలో ఉన్నాడు.

సలోమి ఏం తిన్నదని ఆమె అడిగింది. అతనికి తెలియదు. రాహేలు నా చేతుల మీద తన వేళ్ళు బిగించింది.

“నా కాళ్ళు ఒక్క రోజులో పోయినయన్నా. నీ ఇల్లు ఆరేళ్ళ నుంచి పోతానే ఉంది, అదీ నా పేరు చెప్పి. నేను ఇచ్చింది తీసుకోవు. అడగనిది తెచ్చి నా నెత్తిన పోస్తావు.”

“నేనింకా సరిపోలేదు రాహేలమ్మా.”

“ఎప్పటికీ సరిపోవు. సరిపోవాలని నీకెవరు చెప్పారు? పో. నీ బిడ్డకి అన్నం వండు.”

ఆ వారమే మస్తాన్‌ని పిలిపించి చక్రాలకు చువ్వలు వేయించుకుంది. మొదటి నెల ఆమె అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. అయినా తనే తిప్పుకుంది. ఇంత చేసిన మనిషిని తరిమేసిందని ఊరు ఆమెనే ఆడిపోసుకుంది.

బర్నబా మాత్రం ఇంటికి పోయి అన్నం వండలేదు. మందిరం ఊడ్చాడు, సమాధుల దొడ్డి శుభ్రం చేశాడు, కొండ మీదికి పోయి రోజుల తరబడి ఉపవాసాలున్నాడు. సలోమిని మాచర్లలో పిన్నమ్మ తీసుకుపోయి పెంచింది. ఆ పిల్ల పెళ్ళి నాటికి అతను ఇరవై ఒక్క రోజుల ఉపవాసంలో ఉన్నాడు. మొక్కుబడి మధ్యలో దిగిరానన్నాడు. పెళ్ళికూతురి పక్కన తండ్రి లేకుండానే పెళ్ళి అయిపోయింది.

ఆ తరవాత ఏడాది పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, సగం నోరు పడిపోయాయి. ఊడవటానికి, తోయటానికి, మోకరించటానికి ఏమీ మిగల్లేదు. రాహేలు రోజూ మధ్యాహ్నం ఒళ్ళో జావ గిన్నె పెట్టుకుని, ఎగుడుదిగుడు సందులో నన్ను తిప్పుకుంటూ అతని ఇంటికి వెళ్ళేది. మూడు రోజులు అతను నోరు తెరవలేదు. తన వల్ల కుర్చీ పాలైన మనిషి చేత తినిపించుకోవటం అతనికి చావుకన్నా కష్టమైంది. నాలుగో రోజు తెరిచాడు. ఆ జావ దిగుతున్నప్పుడు అతని ముఖంలో శాంతి కనిపించిందని చెప్పాలని నాకూ ఉంది. కనిపించలేదు. ఆకలి కనిపించింది.

ఒకరోజు ముద్దముద్దగా అడిగాడు, తప్పు పోయిందా అని. ఎప్పుడో పోయిందని ఆమె చెప్పింది. అతను గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఆ ఆదివారం మందిరం అయ్యగారు ప్రభువు బల్ల రొట్టెని మంచం దగ్గరికే తెచ్చారు. రొట్టె పెదవులకు తాకగానే బర్నబా నోరు తెరిచాడు, జావకు తెరిచినట్టే. కాదనటానికి చెయ్యి లేవలేదో, ఇక కాదనాలని లేదో, నాకు తెలియదు. గురువారం పోయాడు.

ఇప్పుడు రాహేలు కూడా లేదు. నేను మందిరం వెనక గదిలో విరిగిన ఫ్యాన్ల మధ్య తుప్పు పడుతున్నాను. బర్నబా నన్ను శిక్షగా చేయించుకున్నాడు. ఆమె నన్ను కుర్చీగా వాడుకుంది. రెండింట్లో నాకు ఏది ఇష్టమో చెప్పనక్కర్లేదు. అయినా ఎక్కువగా గుర్తొచ్చేది బర్నబాను పూడ్చిన ఆ శుక్రవారం, సమాధుల దొడ్డి.

అయ్యగారు బర్నబా సేవను పొగిడారు. ఇన్నేళ్ళ కష్టంతో పరలోకం గుమ్మం తెరిపించుకున్నాడన్నారు. జనం తలలూపారు. రాహేలు నన్ను రెండు అడుగులు ముందుకు నడిపింది.

“అట్టా చెప్పబాకండి అయ్యగారూ. నేను ఆయన్ని క్షమించిన రోజుకి ఆయన నాకు ఏమీ చేయలేదు, నా నడుము విరగ్గొట్టటం తప్ప. నేనే అంత చేయగలిగితే, దేవుడు ఇన్నేళ్ళు కూలి చేయించుకుని తలుపు తీస్తాడా?”

గుంత అవతల సలోమి నిలబడి ఉంది. పొద్దుట్నుంచి ఆమె కంట నీరు లేదు.

“మరి మా అమ్మ సంగతేంది అత్తా?” అంది మెల్లగా. “ఆయన్ని దేవుడు ఊరికే క్షమించాడు, నువ్వూ ఊరికే క్షమించావు. మా అమ్మ ఎందుకు పోయింది?”

రాహేలు నన్ను ఆమె వైపు తిప్పింది.

“అదే మాట నేనూ దేవుణ్ణి అడుగుతా ఉన్నానమ్మా.”

“నేను క్షమించలేను.”

“నిన్ను క్షమించమని నేను అడగను.”

మట్టి పూడ్చి అందరూ వెళ్ళిపోయారు. సలోమి మూడు వరసల అవతల తల్లి సమాధి దగ్గరికి వెళ్ళింది. దొడ్డంతా ఊడ్చిన బర్నబా ఆ ఒక్క చోటికి ఎందుకో పోలేదు. గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. సలోమి కూర్చుని వట్టి చేతులతో పీకటం మొదలుపెట్టింది. రాహేలు నన్ను అటు తిప్పింది కానీ సమాధుల మధ్య సందు చాలక చక్రం ఇరుక్కుపోయింది. ముందుకు పోలేక, వెనక్కి రావటం ఇష్టం లేక, ఆమె నాలోంచి పక్కకు ఎంత వంగగలదో అంత వంగింది. తన చేతికి అందిన మేరకు గడ్డి పీకసాగింది. సలోమి తలెత్తి ఒకసారి చూసింది. వద్దనలేదు, దగ్గరికీ రాలేదు.