డెబ్బై మూడో కవరు

కవరు పల్చగా ఉంటే ఏం, మందంగా ఉంటే ఏం, లోపల ఉన్నది ఒక్క అక్షరమే, శి అంటే భయం పోగొట్టే శిక్షణ, ని అంటే నిరీక్షణ, చీటీ వేసింది కంప్యూటరు, తాను కేవలం చింపే మనిషి, అయినా ఈ డెబ్బై మూడోది చింపడానికి ఇంతసేపెందుకు పట్టాలి, బల్లకు అటువైపున్నది సొంత అక్క కాబట్టి, ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పి ఇప్పుడు తరగతి గుమ్మం దగ్గరే గొంతు పూడుకుపోయి సెలవు పెట్టిన పంతులమ్మ, వచ్చే నెలకు ఈ భయం పోకపోతే ఉద్యోగం మానేస్తానని ఇంట్లో తెగేసి చెప్పింది, ప్రయోగానికి ఎంపిక చేసింది ప్రొఫెసరమ్మే, చుట్టరికం ముందే చెబితే, చెప్పావుగా, కవరుకు చుట్టాలుండరులే అందావిడ, కవరుకు లేకపోతే తనకు లేరా, ఇదిగో, ని, శిక్షణ ఎనిమిది వారాల తర్వాతే.

డెబ్బై నాలుగోది పక్కనే ఉంది, బయట కుర్చీలో దగ్గుతున్న పెద్దాయనది, అందులో శి ఉండొచ్చు, అటుదిటు చేస్తే చూసేవాళ్ళెవరు, కుక్క తోక వంకరని ఊరికే అన్నారా, పోయినేడాది ప్రయోగంలో ఈ జాలే కొంప ముంచింది, ఏడ్చినవాళ్ళందర్నీ శిక్షణలోకి తోసి, జోకులేసినవాళ్ళని నిరీక్షణలో కూర్చోబెట్టి, పుణ్యం కట్టుకున్నాననుకుంది, తీరా ఎవరు దేనివల్ల మారారో తేలక ఏడు నెలల పని బుట్టదాఖలు, ప్రొఫెసరమ్మ కేకలైనా వెయ్యలేదు, నువ్వు మనుషుల్ని పంచలేదమ్మా, కన్నీళ్ళని పంచావు అంది, అని ఈ కవర్లన్నీ తనకే అప్పగించింది, దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందని అందరూ నవ్వారు, నవ్వనీ, డెబ్బై రెండు కవర్లు, ఒక్కటీ తప్పలేదు.

నిరీక్షణ అక్కా, అనేసింది, అక్క ముఖం వాడిపోయింది, మార్చాలనిపించిందా అని అడిగింది, అనిపించింది, మార్చలేదుగా, లేదు, బతికించావే, నువ్వు మార్చి ఉంటే రేపు నాకు తగ్గినా నమ్మేదాన్ని కాదు, చెల్లెలి మొహమాటానికే తగ్గిందనిపిస్తోంది అనుకునేదాన్ని, సరేలే, సెలవు పొడిగించమని రాస్తా, రెండు నెలల్లో బడి ఎక్కడికీ పారిపోదుగా, అంటూ చీర సర్దుకుని లేచింది, మానేస్తానన్న మనిషేనా ఈవిడ, రిజిస్టరులో డెబ్బై మూడు ఎదురుగా ని అని రాస్తుంటే ఒళ్ళంతా గర్వం, అక్కను చూసి, తనను చూసి కూడా, అక్కను అందరిలో ఒకతెగా చూడగలిగింది, ఇంతకన్నా ఎక్కువగా ఆమెను ఎన్నడూ ప్రేమించలేదు.