వాణ్నే అడగండి

సౌదీ అరేబియాలోని హుఫూఫ్ పట్నం శివార్లలో ఉన్న ఆ ఖర్జూరపు తోటలో పగటి భోజనం పనివాళ్లందరికీ ఒకేసారి వస్తుంది. వెడల్పాటి పళ్లెంలో అన్నం, దాని మీద మాంసం. నలుగురైదుగురు చుట్టూ చేరి ఒకే పళ్లెంలో చేయి పెట్టి తింటారు. పెషావరు మనిషీ, ఢాకా మనిషీ, జగిత్యాల మనిషీ అక్కడ ఒకే బంతి. కానీ కర్నూలు జిల్లాలోని ఒకే ఊరి నుంచి వచ్చిన మద్దిలేటి, ఓబులేసు మాత్రం ఏనాడూ ఒక పళ్లెం దగ్గర కూర్చోలేదు. ఒకడు తూర్పున కూర్చుంటే రెండోవాడు పడమటికి పోయేవాడు. తోటివాళ్లు చూసి, ఏదో పాత అలకలే అనుకుని నవ్వుకునేవారు.

అది అలక కాదు. మద్దిలేటి చిన్నప్పుడు అతని తండ్రిని పట్టపగలు బస్టాండులో వేటకొడవళ్లతో నరికారు. నరికినవాళ్లలో ఓబులేసు తండ్రి ఒకడు. అప్పటికి ఓబులేసు తల్లి చంకలో ఉన్నాడు. అయినా ఆ ఊరి లెక్కలో ఆ పసివాడు కూడా శత్రువే. మగపిల్లాడు పుడితే ఎదుటి పక్షం వాళ్లు భయపడాలని కోరుకునే ఊరు అది. ఇలాంటి ఊళ్లు మన నేల మీద తగ్గాయే కానీ లేకుండా పోలేదు, దాచుకుని లాభం లేదు.

ఆ ఊళ్లలో మరో ఆచారం కూడా ఉంది, బయటివాళ్లకు తెలియనిది. మనవాడి ఒంటి మీద దెబ్బ పడితే, కొట్టిందెవరని ఎవరూ అడగరు. ఎదుటి పక్షంలో మీసం మొలిచిన ప్రతివాడి పేరూ కేసులో రాయిస్తారు. ఆ పూట పెళ్లికని అనంతపురం వెళ్లినవాడు కూడా కొడవలి పట్టినట్టే. మద్దిలేటి తండ్రి కేసులోనూ అలాగే ఓబులేసు చిన్నాన్నను ఇరికించారు. ఏ పాపం ఎరగని ఆ మనిషి జైల్లోనే జబ్బు చేసి పోయాడు. మద్దిలేటి ఇంట్లో దాన్ని తప్పని నోరు తెరిచి అన్నవాళ్లు లేరు, మగవాళ్లు తెలివైన పని చేశామనుకున్నారు.

గెలలు కోసే రోజుల్లో ఒక ఉదయం మద్దిలేటి చెట్టెక్కాడు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడుపట్టా ముడి సరిగ్గా బిగించాడో లేదో, పైకి వెళ్లాక జారింది. చేతిలో కొడవలితో సహా కింద పడ్డాడు. కొడవలి మొన తొడలో లోతుగా దిగింది. నెత్తురు ఊటలా ఉబికింది. తాడు కాళ్లకు చుట్టుకుపోయి కదలలేకపోయాడు. పక్క చెట్టు మీద ఉన్నది ఓబులేసు. వాడు దిగి పరుగున రావడం మద్దిలేటికి కనిపించింది. "అయిపోయింది, వీడే వచ్చాడు" అనుకుని కళ్లు మూసుకున్నాడు.

వచ్చినవాడు కొడవలి లాగి తాడును కోశాడు. తల గుడ్డ విప్పి తొడకు బిగించి కట్టాడు. "కండ్లు మూయొద్దు, నన్ను చూడు, నన్నే చూడు!" అని అరుస్తూనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే మేస్త్రీ లాల్ అహ్మద్ అటుగా వచ్చాడు. అతనికి కనిపించింది నేల మీద నెత్తుటి మడుగులో ఒకడు, కొడవలితో వాడి మీదకు వంగిన ఇంకొకడు. పాపం, అతన్ని తప్పు పట్టడానికి లేదు. ఆసుపత్రికీ పోలీసులకూ ఒకేసారి ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చి ఓబులేసును పట్టుకుపోయారు.

మద్దిలేటికి తెలివి వచ్చేసరికి మంచం పక్కన నర్సు రెబెక్కా ఉంది. రేపల్లె దగ్గర ఊరు ఆమెది. ఏళ్ల తరబడి ఇక్కడే పనిచేయడం వల్ల అరబ్బీ ధారాళంగా మాట్లాడుతుంది.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడివి కాదు బాబూ. ఆ కట్టు కట్టినవాడు చాలా గట్టిగా కట్టాడు. పోలీసులొచ్చారు, నీతో మాట్లాడాలంట. మాట్లాడగలవా?"

మద్దిలేటి జవాబిచ్చేలోపే ఫోన్ మోగింది. ఊరి నుంచి పెద్దనాయన. భూమేష్ అనే జగిత్యాల కుర్రాడు కబురు చేరవేశాడట. రెండిళ్ల మధ్య పాత పగ ఉందని పెద్దనాయన నోట విని పోలీసులకు చెప్పింది కూడా వాడే.

"ఒరే మద్దిలేటీ, బతికినావు గదా, సాలు. ఇను. వాడు దొరికినాడంట గదా. దేవుడే మన చేతికిచ్చినాడు. పేరు సెప్పు, అంతే. మిగతాది ఆ దేశం చట్టం చూసుకుంటాది. మనం కత్తి పట్టే పనే లేదు."

"అది కాదు పెద్దనాయనా, వాడు..."

"వాడు ఏం జేసినాడో నాకు అనవసరం. మీ నాయన పోయినప్పుడు నువ్వు ఏడ్సింది మరిసిపోయినావా?"

మద్దిలేటి మరిచిపోలేదు. అందుకే ఫోన్ పెట్టేశాక చాలాసేపు పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. ఒక్క మాట చాలు. చెట్టు మీద నుంచి తాను జారడం ఇంకెవరూ చూడలేదు. కొడవలి ఓబులేసు చేతిలో ఉండగా చూసినవాడున్నాడు, పగ ఉందని చెప్పినవాడున్నాడు. తల వంచుకుని తిరిగిన తల్లి చిట్టెమ్మ ఊళ్లో తలెత్తుకుంటుంది. పెద్దనాయన మీసం దువ్వుకుంటాడు. ఆ సుఖం ఎంత దగ్గరగా కనిపించిందో అతనికే సిగ్గేసింది.

దర్యాప్తు అధికారి కెప్టెన్ సాలిహ్ వచ్చాడు. నెరుస్తున్న గడ్డం, నెమ్మదైన గొంతు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. అతను అరబ్బీలో చెప్పింది రెబెక్కా తెలుగులో చెబుతూ వచ్చింది.

"మీ రెండు కుటుంబాల సంగతి మాకు తెలిసింది. మా తెగల్లోనూ ఒకప్పుడు ఇలాంటివి ఉండేవి. తాతను చంపినవాడి మనవణ్ని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు. అందుకే నాకీ వ్యవహారం కొత్త కాదు. కానీ ఒక్కటి మాత్రం నా ఉద్యోగంలో ఎప్పుడూ వినలేదు."

అధికారి మద్దిలేటి ముఖంలోకి చూశాడు.

"'నీ వైపు సాక్షి ఎవరున్నారు?' అని ఓబులేసును అడిగాను. నీ పేరే చెప్పాడు. 'వాణ్నే అడగండి' అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. శత్రువును తన సాక్షిగా పిలిచినవాణ్ని నేను చూడలేదు. కాబట్టి నిన్ను అడుగుతున్నాను. నీ మాట మీదే ఈ కేసు నిలబడుతుంది. వాడు నిన్ను పొడిచాడా?"

చివరి ప్రశ్నను తెలుగులో చెప్పి రెబెక్కా మద్దిలేటి వైపు తిరిగింది.

ఓబులేసుకు ఊరి ఆచారం తెలియదా? తన సొంత చిన్నాన్న ఆ ఆచారానికే బలయ్యాడు. ఎదుటి పక్షం వాడు పేరు చెప్పకుండా ఉండడని వాడికి అందరికంటే బాగా తెలుసు. తెలిసి కూడా తన ప్రాణాన్ని తెచ్చి మద్దిలేటి నాలుక మీద పెట్టాడు. ఆ రెండు వంశాల్లో ఇన్ని తరాలుగా ఎవరూ ఎవరికీ ఇవ్వని మర్యాద అది. దాన్ని కాలదన్నితే తాను ఇక ఎవరి ముందూ మనిషినని చెప్పుకోలేడు.

"రాసుకోమనండి సిస్టర్," అన్నాడు, మంచం మీద కాస్త లేచి కూర్చుంటూ. "నా తాడు జారింది. నా కొడవలే నన్ను కోసింది. వాడు నన్ను పొడవలేదు, బతికించినాడు. ఆ కట్టు వాడు కట్టిందే. నేను సచ్చిపోతానని నాకంటే ఎక్కువ వాడే బయపడినాడు."

"ఖాయంగానా అని అడుగుతున్నారు బాబూ. ఎవరైనా బెదిరించారా అని కూడా."

"బెదిరించినోళ్లు ఉండారు. వాడు మాత్రం గాదు."

కెప్టెన్ లేచి నిలబడ్డాడు. మద్దిలేటి భుజం మీద చేయి వేసి రెండు మాటలు చెప్పి వెళ్లిపోయాడు. "నిన్ను కన్నవాళ్లు అదృష్టవంతులంటున్నారు" అని రెబెక్కా కళ్లు తుడుచుకుంది.

కానీ కన్నతల్లికి చెప్పడమే కష్టం. మద్దిలేటి ఇంటికి ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పాడు. అవతలి నుంచి పెద్దనాయన తిట్లు వినిపించాయి. "మొగోడివేనా నువ్వు? మీ నాయన పరువు తీసినావు గదరా!"

తర్వాత తల్లి గొంతు వినిపించింది. ఆమె కొడుకుతో కాదు, పక్కనున్న బావతో మాట్లాడుతోంది.

"నోరు ముయ్యి బావా. నా మొగుడి పరువు నా కొడుకు ఈ పొద్దు నిలబెట్టినాడు. అబద్దం సెప్పి ఒకని కొంప కూల్చినామే, అప్పుడు పోయింది మన పరువు. ఆ యమ్మ కొడుకు కోసం ఎట్ల ఏడుస్తాంటాదో నాకు తెల్సు. నేను పోతాండా."

"యాడికి?" అని పెద్దనాయన అరిచాడు. జవాబుగా తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

మరునాడు పోలీసులు వదిలిపెట్టగానే ఓబులేసు ఆసుపత్రికి వచ్చాడు. మాసిన బట్టలు, నిద్రలేని కళ్లు. వార్డు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. రోగికి మీరేమవుతారని రెబెక్కా అడిగితే తల గోక్కున్నాడు.

"మా ఊరోడు సిస్టర్, రానీయండి," అని లోపలి నుంచి మద్దిలేటి కేక వేశాడు.

ఓబులేసు వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. మద్దిలేటి తొడ మీది కట్టు వైపు చూస్తూ మాట మొదలుపెట్టాడు.

"మా యమ్మ ఫోన్ జేసింది. మీ యమ్మ మా ఇంటికొచ్చిందంట. వీధంతా తలుపులు తీసుకుని చూసినారంట. మా యమ్మ బయపడి లోపలికి పోబోతే, చేతులు పట్టుకుని ఆపిందంట."

"ఏమనింది?"

ఓబులేసుకు కళ్ల నిండా నీళ్లు, ముఖం నిండా ఒక గర్వం. ఆ గర్వం ఏ పక్షానిదీ కాదు, ఇద్దరు తల్లులది. ఊరందరి ముందూ చిట్టెమ్మ పలికిన ఆ మాటను వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"'నాయనల పొలాలు కొడుకులకిద్దాం వదినా, నాయనల పగలు మాత్రం మనతోనే మట్టిలో కలిసిపోనీ' అనిందంట."