మౌనం, యాభై సెకన్లు

“కూర్చుని వినడానికి కూడా జీతమిస్తారా ఎక్కడైనా?” అంటాడు మా ఆయన, తన టిఫిన్ డబ్బా మూత నా చేత పెట్టించుకుంటూ. నవ్వుతూనే అంటాడు. నేనూ నవ్వుతాను. ఎందుకు నవ్వుతానో మాత్రం ఇప్పటికీ తెలియదు.

నేను ఒక మనసు డాక్టరు దగ్గర టైపిస్టుని. రోగులతో ఆయన మాట్లాడిన టేపులు విని, ఒక్క మాట పోకుండా కాగితం మీదికి ఎక్కించడం నా పని. ఆయనకి ఒక పట్టుదల ఉంది. రోగి ఏమీ మాట్లాడకపోయినా రాయాల్సిందే. గడియారం చూసి మరీ ‘మౌనం, పన్నెండు సెకన్లు’ అని కొట్టాలి. “మాటల్లో దాచుకున్నది మౌనంలో దొరుకుతుందమ్మా” అంటారు. మా ఇంట్లో నా మౌనానికి అంత విలువ లేదు. “మా కోడలికి నోట్లో నాలుక లేదు” అని అత్తయ్య చుట్టాలందరికీ గొప్పగా చెబుతుంది. వంటింట్లోంచి అది విని పొంగిపోయిన రోజులూ ఉన్నాయి, అబద్ధమెందుకు.

ఈ నెల డాక్టరుగారు హిప్నాసిస్ గురించి ఒక ప్రసంగం రాస్తున్నారు. ఆయన చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను. వెనకటి వైద్యులు రోగిని నిద్రలాంటి స్థితిలోకి దించి ‘చచ్చుబడిన నీ చెయ్యి లేస్తుంది’ అని ఆజ్ఞాపించేవారట. లేచేదట. నెల తిరక్కుండా జబ్బు చోటు మార్చుకుని కాలు పడిపోయేదట. అందుకని కొందరు ఆ నిద్ర మానేసి, రోగిని మెలకువగానే పడుకోబెట్టి, నోటికొచ్చింది చెప్పమన్నారట. అయినా మనసులో మనకే తెలియని గది ఒకటుందని మొదట చూపించింది ఆ నిద్రేనట. దానికో ఉదాహరణ చెప్పారు. నిద్రలో ఉన్న మనిషితో ‘నేను దగ్గితే నువ్వు లేచి కిటికీ మూయి’ అని చెప్పి లేపుతారు. ఆ ఆజ్ఞ అతనికి గుర్తుండదు. డాక్టరు దగ్గుతాడు, అతను లేచి కిటికీ మూస్తాడు. ఎందుకు మూశావంటే ‘చలిగా ఉందండీ’ అంటాడు. నిజంగానే చలేస్తోందనుకుంటాడు పాపం.

అక్కడ నా వేళ్లు ఆగిపోయాయి. మా ఆయన గొంతు సవరించుకుంటే నేను లేచి మంచినీళ్లు తెస్తాను. ఎవరైనా అడిగితే ‘నాకూ దాహంగా ఉంది’ అంటాను. నిజంగానే దాహమేస్తుంది కూడా. మరి నాకా మాట చెప్పిందెవరు? ఎప్పుడు చెప్పారు?

ఆ మధ్యాహ్నమే ఒక టీచరుగారి టేపు టైపు చేశాను. ఆవిడకి బడిలో ఉన్నట్టుండి గొంతు పోయింది. గొంతులో ఏ లోపమూ లేదని చెవి ముక్కు డాక్టరు తేల్చి ఇక్కడికి పంపించాడు. గుసగుసగా తప్ప మాట రాదు. డాక్టరుగారు ఆవిడని నిద్రపుచ్చారు. “కళ్లు బరువెక్కుతున్నాయి... ఇప్పుడు మీ ఇంట్లోకి అడుగు పెట్టారు... ఏం కనిపిస్తోంది?” ఆ తర్వాత టేపులో ఏమీ లేదు.

మర్నాడు సాయంత్రం డాక్టరుగారు నా కాగితం ఊపుకుంటూ గదిలోంచి వచ్చారు. “పెదాలు కదలడం చూశానమ్మా, నాకే వినపడలేదు. మైకు పట్టేసింది! విను” అని చదివారు. “‘తలుపులన్నీ తీసే ఉన్నాయి. నేను కూర్చోవడానికే చోటు లేదు. నోరు తెరిస్తే అందరూ లేచి వెళ్లిపోతారని భయం. వెళ్లిపోతే బాగుండునని కూడా ఉంది.’ చూశావా! రేపు పొద్దున్న ఆవిడని మళ్లీ నిద్రపుచ్చి, మీ గొంతు నొక్కుతున్నది మీ ఇల్లేనని చెప్తాను. ప్రసంగానికి కూడా ఇంతకన్నా ఏం కావాలి?”

ఆయన వెళ్లాక టేపు మూడుసార్లు విన్నాను. టీచరుగారు ఊపిరి పీల్చడం తప్ప ఏమీ అనలేదు. అక్కడ నేను రాయాల్సింది ‘మౌనం, యాభై సెకన్లు’. మరి ఆ నాలుగు వాక్యాలు ఎప్పుడు కొట్టాను? గుర్తు లేదు. డాక్టరుగారి గొంతు చెవుల్లో పడి నేను గానీ నిద్రలోకి జారిపోయానా? లేక మెలకువగానే ఉండి గుర్తు లేనట్టు నటిస్తున్నానా, నా దగ్గర నేనే? అసలు అలాంటి కోరిక నాకుందా? మా వాళ్లు చెడ్డవాళ్లు కారు. మరి ‘బాగుండునని’ ఎందుకు రాశాను?

టీచరుగారి ఇంట్లో ఉండేది ఆవిడా, వాళ్లమ్మా. ఇదివరకటి టేపులో ‘ఇంటికెళ్తేనే నాకు ప్రాణం లేచొస్తుంది’ అంది, గుసగుసగా. ఆవిడకున్న ఆ ఒక్క చోటునీ నా మాటలతో రేపు విషం చేయబోతున్నారు.

ఇంటికెళ్లి, చపాతీలు ఒత్తుతూ మా ఆయనతో చెప్పాను. ఫోన్లోంచి తలెత్తకుండానే తేల్చేశాడు. “నీకెందుకు? డాక్టరు ఆయనా, నువ్వా? నోరు మూసుకుంటే ఉద్యోగమన్నా ఉంటుంది.” అత్తయ్య అందుకుంది. “అది నోరు తెరిచిందెప్పుడు గనకరా?” ఇద్దరూ నవ్వారు. నాకూ నవ్వు రాబోయింది. ఈసారి అది ఎక్కడినుంచి వస్తోందో చూద్దామని ఆగాను. ఆగేసరికి రాలేదు. దాని బదులు ఏడుపొచ్చింది.

పొద్దున్నే టీచరుగారికన్నా ముందు వెళ్లి డాక్టరుగారి ఎదురుగా నిలబడ్డాను.

“ఆ మాటలు టీచరుగారివి కావండీ. ఆవిడ ఏమీ అనలేదు. అవి నావి.”

ఆయన కళ్లజోడు తీశారు. “కావాలని రాశావా?”

“తెలీదండీ.”

“ఎంత ప్రమాదమో తెలుసా? ఇంకో గంట ఆగితే...” కోపంతో మొదలెట్టినవారు మధ్యలోనే ఆగిపోయారు. కాగితం మళ్లీ చదువుకున్నారు. ఎర్ర పెన్నుతో ఆ నాలుగు వాక్యాలూ కొట్టేసి, నా వైపు చూశారు. ఆ చూపులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. రోగుల కుర్చీ ముందుకి లాగారు.

“కూర్చోమ్మా. పదే పది నిమిషాలు. నిద్రపుచ్చి అడిగితే అవి ఎక్కడినుంచి వచ్చాయో తేలిపోతుంది. కళ్లు మూసుకో. వొళ్లు వదిలెయ్...”

టేపులో గొంతే అది. చెప్పీ చెప్పకముందే రెప్పలు వాలిపోయాయి. అంత సులువుగా వాలిపోవడం చూసి నాకే భయమేసింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కళ్లు తెరిచాను.

“వద్దండీ” అన్నాను. “మెలకువగానే చెప్తాను.”