ఇంటికి చాలినంత నెట్టు

పొద్దున స్నానం చేసి దీపం వెలిగించిన ప్రతిసారీ నారాయణ "చాలినంత ఇయ్యి స్వామీ" అని మొక్కుకుంటాడు. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు. ఆ మాట వెనకే ఒక అనుమానమూ వస్తుంది. చాలినంత అంటే ఎంత? స్వామికి తెలియనిది ఉండదు, సరే. అడిగేవాడికి కూడా కొంచెం తెలిసి ఉండొద్దా? ఇన్నేళ్లలో ఎవరినీ అడగలేదు. నవ్వుతారని కొంత, తీరిక లేక కొంత.

ఈ నెల ఆ అనుమానం ఇంటర్నెట్టు రూపంలో వచ్చి నెత్తిన కూర్చుంది.

నారాయణ ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో చీరలు చూపించే మనిషి. దినమంతా మడతలు విప్పడం, మళ్లీ మడవడం. కొడుకు వివేక్ ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. కోడలు సుమది బెంగళూరు కంపెనీ ఉద్యోగం, ఇంట్లో కూర్చుని చేసేది. ముందర గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని ఆఫీసు వాళ్లతో మాట్లాడుతుంది. ఆ మాట నడిమధ్యన తెగిపోతోంది. అవతలి వాళ్లకు ఆమె మొహం నోరు తెరిచినది తెరిచినట్టే నిలిచిపోతుందట.

పై ఆఫీసరు ఓపిక పట్టి, పట్టి, చివరికి తేల్చేశాడు. ఈ నెలాఖరు దాకా చూస్తాం, ఇట్లే ఉంటే బెంగళూరు ఆఫీసుకే వచ్చి పని చేయమన్నాడు. సుమకు పాలు తాగే పాప ఉంది. పోతే పాపనెత్తుకుని హాస్టల్లో ఉండాలి, లేదంటే పాపను ఇక్కడ వదిలిపోవాలి. వివేక్ ఫ్యాక్టరీ విడిచి కదిలేదానికి లేదు. ఇల్లు సగం నడిచేది ఆమె జీతం మీదే. ఉద్యోగం మానేస్తానని ఆమె అనలేదు, మానెయ్యమని ఇంట్లో ఎవరూ అనలేదు. అందరూ కొంచెం నెమ్మదిగా మాట్లాడుతున్నారు, అంతే.

సాయంత్రం అంగడి నుంచి వస్తూ నారాయణ నెట్టు ఆఫీసుకు పోయాడు. కౌంటర్లో ప్రవీణ్ అనే పిల్లోడు కంప్యూటరు చూసి పెదవి విరిచాడు.

"మామా, మీదింకా వందేనా? ఇప్పుడు వందెవరు పెట్టుకుంటాండారు? మూడొందల స్పీడు తీసుకో. ఎగరేసుకుపోతాది."

"ఎవర్నప్పా ఎగరేసుకుపోయేది?"

"మాటవరసకంటి మామా. ఇంట్లో ఎన్నుండాయి?"

"ఫోన్లు నాలుగు. టీవీ ఒకటి. మా కోడలి కంప్యూటరు."

"ఆరు. ఆరింటికీ మూడొందలు ఉండాల్సిందే."

"ఆరూ ఒకేసారి ఏం చేస్తాయి? నా ఫోను జేబులో ఉంటాది."

"జేబులో ఉన్నా లాగుతాది మామా."

ఈ వరస నారాయణకు బాగా తెలిసినదే. ఒక చీరకని వచ్చిన ఆడమనిషి ముందర మూడు పరిచి "ఇదీ ఉండనీలే అక్కా" అని తను రోజూ అంటూనే ఉంటాడు. ఇంట్లో అడిగి చెప్తానని లేచి వచ్చేశాడు.

సుమ పాపను భుజాన వేసుకుని జో కొడుతోంది.

"మీటింగుకు ఎంత కావాలమ్మా?" అని అడిగాడు.

"నాలుగైదుంటే శానా అని మా ఆఫీసోళ్లే చెప్పిండారు మామా."

"టీవీకి?"

"బొమ్మ బాగా రావాలంటే ఇరవై అనుకో. అన్నీ ఒకేసారి నడిచినా యాభై కావు."

"మరి మనం తీసుకున్న వంద యాడికి పోతాంది?"

సుమ పాపను రెండో భుజానికి మార్చుకుంది. కళ్ల కింద నల్లగా ఉంది. "నాకూ తెలీదు మామా. నువ్వు మూడొందలే పెట్టియ్యి. రేపు నన్ను రమ్మన్నారనుకో, అది కూడా చేసి చూడకపోతిమే అని మనసులో ఉండిపోతాది."

రేపు కట్టేద్దామన్నాడు నారాయణ.

మర్నాడు పొద్దున్నే వేముల నుంచి ఫోను. నారాయణ చిన్నాయన కొడుకు పోయాడు. ఒకే ఇంటిపేరు కాబట్టి పది రోజులు అంటు. భార్య పద్మావతమ్మ దేవునింటి తలుపు దగ్గరికి లాగి గడియ పెట్టింది. అంటు తీరేదాకా ఇంట్లోవాళ్లు ఎవరూ లోపల అడుగు పెట్టకూడదు.

నెట్టు పెట్టె ఆ లోపలే ఉంది. ఇంటికొచ్చిన కొత్త వస్తువును ముందు స్వామి దగ్గర పెట్టి బొట్టు పెట్టడం ఆ ఇంటి పద్ధతి. టీవీ, మిక్సీ ఒక్కో పూట ఉండి బయటికొచ్చాయి. దీంతోనే కోడలికి జీతం వస్తుంది కాబట్టి ఇది స్వామి దగ్గరే ఉండాలని పద్మావతమ్మ అంది. బిగించడానికి వచ్చినవాడు ముందర గది కిటికీలోంచి తెచ్చిన తీగను ఇల్లంతా తిప్పి, పటాల వెనక అరుగు మీదికి చేర్చి పోయాడు.

నారాయణ వేములకు బయల్దేరుతుండగా నెట్టు పూర్తిగా ఆగిపోయింది. అట్లా ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు లోపలికి పోయి స్విచ్చి ఆపి మళ్లీ వేసేవాళ్లు.

"అత్తా, మీటింగుకు టైమవుతాంది," అంది సుమ.

"తలుపు తీసేది లేదు తల్లీ," అంది పద్మావతమ్మ. అని, ఎదురింటి రుక్మిణమ్మను కేకేసింది. ఆమెకు ఈ అంటు లేదు.

రుక్మిణమ్మ కాళ్లు కడుక్కుని వచ్చింది. సంగతి విని, "ఈ పది రోజులూ గంటకోసారి నన్ను పిలుస్తాండాలని చూస్తాండావా పద్మా? నాకేం పని లేదా?" అని లోపలికి పోయి, పెట్టెను తీగతో సహా ఊడదీసి తెచ్చి సుమ చేతిలో పెట్టింది. సుమ దాన్ని ముందర గదిలో టీవీ పక్కన స్టూలు మీద పెట్టి ప్లగ్గు తగిలించింది. మూడొందలు కట్టే పని పక్కన పెట్టి నారాయణ బస్సుకు పోయాడు.

సాయంత్రం నారాయణ అంత్యక్రియల నుంచి తిరిగొచ్చి, తల మీద నీళ్లు పోసుకుని కూర్చున్నాక సుమ దగ్గరికొచ్చింది. "ఈ రోజు ఒక్కసారి కూడా తెగలేదు మామా," అంది, గట్టిగా అంటే తెగుతుందేమో అన్నట్టు.

మర్నాడూ తెగలేదు. ఆ మర్నాడు సుమ తన ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ముందర గదిలో నెట్టు గీతలు నిండుగా ఉన్నాయి. ఇనప బీరువా దాటి, దేవునింటి రాతి గోడ పక్కకు పోయేసరికి ఒకటే మిగిలింది. నారాయణ ఆ గోడను చేత్తో తట్టి చూశాడు. మూరెడు మందం, జమ్మలమడుగు నుంచి బండ్ల మీద తెచ్చిన రాయి, వాళ్ల నాయన కట్టించింది.

"ఇన్ని నెలలు వందా ఈ గోడకూ బీరువాకూనే ఇచ్చినాం," అన్నాడు. నవ్వుదామనుకున్నాడు గానీ ఓపిక లేక ఊరుకున్నాడు.

పదో రోజు ఇల్లు కడిగి, అందరూ తలస్నానాలు చేసి, దీపం వెలిగించాక పద్మావతమ్మ పెట్టెను చూపించింది. "ఇంక లోపల పెట్టు."

"పెడితే మళ్లీ తెగుతాది."

"స్వామి దగ్గరుండేది కాబట్టే ఉద్యోగం ఇన్నాళ్లు నిలబడింది. బయట పెట్టినాక ఏమన్నా అయితే?"

ఆమె భయం నారాయణకూ కొంత ఉంది. "గోడకు ఆ పక్కనే ఉండాడంటావా స్వామి? ఈ పక్క లేడా?" అన్నాడు. వాదానికి కాదు, నిజంగానే అడిగాడు.

పద్మావతమ్మ లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చి, స్టూలు మీది పెట్టెకు బొట్టు పెట్టి, పాపకూ పెట్టి, వంటింట్లోకి పోయింది.

నెలాఖరుకు బెంగళూరు నుంచి కబురొచ్చింది. రానవసరం లేదు, అక్కడి నుంచే చెయ్యి అన్నారు. సుమ ఆ పూట బల్ల మీదే తల వాల్చి నిద్రపోయింది. వందెందుకు, యాభైకి తగ్గించుకుందాం అనుకున్నాడు నారాయణ.

ఆదివారం పక్కింటి అబ్దుల్ సలాం పలకరించడానికి వచ్చాడు. ముందర గది గోడకు అవతలి పక్క ఆయన ఇల్లు. మిషను కుట్టేవాడు, అంగడి మూసి చాలా కాలమైంది. పోయినాయన గురించి అడిగినాక అన్నాడు.

"అప్పా, నీ పేరు మా ఇంట్లో కనపడతాందప్పా."

"నా పేరేంది, మీ ఇంట్లో ఏంది?"

"ఫోన్లో. నెట్టు పేర్లలో నారాయణ అని, గీతలన్నీ నిండుగా. ఇన్నాళ్లు లేదు. మా పాప చూపిచ్చె. డీఎస్సీకి చదువుతాందిలే. పాఠాలు వింటాంటే మధ్యాన్నానికే ఫోన్లో నెట్టు అయిపోతాది. ఆపైన పుస్తకం ముందరేసుకుని కూర్చుంటాది." అడగడానికి చెప్పినట్టు లేదు. ఇంకేదో మాటలోకి పోయాడు.

నారాయణ వినడం లేదు. కరోనా ఏడాది వివేక్ డిప్లొమా చివరి పరీక్షలు ఈ గోడకే ఆనుకుని కూర్చుని, సలాం ఇంటి నెట్టుతో రాశాడు. ఎందుకు, ఎన్నాళ్లు అని సలాం ఒక్కమాట అడగలేదు. తర్వాత అంగడితో పాటు ఆయన నెట్టు కూడా తీసేయించుకున్నాడు. ఆ పరీక్షలప్పుడు నారాయణ నీ ఋణం ఉంచుకోనన్నాడు. అన్నది అట్లే ఉండిపోయింది.

"సుమా, ఇంకొకరు వాడితే నీ మీటింగు తెగుతాదా?" అని అడిగాడు.

"తెగదు మామా. మనమంతా వాడినా సగం మిగులుతాది."

"అయితే వంద వందే ఉండనీ. మీ పాపను పిలువు సలాం భాయ్. సుమ పాస్‌వర్డు కొట్టిస్తాది."

సలాం ఇబ్బందిగా కదిలాడు. "నెలకెంతియ్యాలో చెప్పప్పా."

"మా వివేక్ దగ్గర నువ్వెంత తీసుకుంటివి?"

సలాం లేచిపోయి కూతురిని పంపించాడు.

మధ్యాహ్నం అన్నం తిని నారాయణ గోడవార చాప పరుచుకుని పడుకున్నాడు. అవతలి నుంచి ఎవరో పంతులు పాఠం చెప్తున్న గొంతు వినబడింది. ఎక్కడా తెగకుండా, చాలాసేపు చెప్తూనే ఉన్నాడు.