తోక తెంచినా నిలిచే సంఖ్య

బీన్స్ కొసలు తుంచుతున్నాను. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అన్నాడు.

"తమ్ముడి చంటిదాన్ని మనమే పెంచుదామనుకున్నాం. వాళ్ళిద్దరికీ షిఫ్టు ఉద్యోగాలాయె."

ఈ ఇంట్లో 'మనం' అంటే అనుకునేది ఆయనా అత్తయ్యా, చేసేది నేను.

"నీ బడి ఉద్యోగం మానమనట్లేదుగా. దాంతోపాటే చూసుకో," అన్నాడు మళ్ళీ.

హాల్లో టీవీ ముందునుంచి అత్తయ్య అందుకుంది. "ఎంతమ్మా, గుప్పెడు ప్రాణి. పాలు పట్టి పడుకోబెడితే పడుంటుంది."

పెళ్ళయ్యాక మొదట నా పరిశోధన పోయింది. "లెక్కల్లో డాక్టరువైతే జ్వరానికి మందిస్తావా?" అన్నారు మామగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత కాలేజీ ఉద్యోగం పోయింది. అది దూరం, ఈయనకు అన్నం వేడిగా ఉండాలి. ఆపైన సాయంత్రం ట్యూషన్లు. పిల్లల చెప్పుల చప్పుడుకు అత్తయ్యకు తలనొప్పి. మిగిలింది వీధి చివరి బడి, అందులో ఎనిమిదో తరగతి లెక్కలు. అన్నిటికీ సరే అన్నాను. అణకువగల కోడలన్నారు. అణకువ కాదు. లోపల ఒక సంఖ్యను పట్టుకుని ఉన్నాను.

ఇవాళ దాన్ని బోర్డు మీద రాశాను. ఏడు కోట్ల ముప్ఫైతొమ్మిది లక్షల ముప్ఫైతొమ్మిది వేల నూట ముప్ఫైమూడు. ప్రధాన సంఖ్య. ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ దాన్ని శేషం లేకుండా భాగించలేదు. కుడి చివరి అంకె చెరిపాను. మిగిలిందీ ప్రధానమే. ఇంకోటి చెరిపాను. అదీ అంతే. చెరుపుతూ పోతే చివరికి ఏడు మిగిలింది. దాన్నీ ఎవరూ విడగొట్టలేరు. ఇన్నేళ్ళూ ఆ ఏడును నమ్ముకునే బతికాను. ఎంతైనా కోసుకోండి, మిగిలింది నేనే.

వెనక బెంచీలో వాగుడుకాయ లేచింది.

"తెంచితే సరే టీచర్. చివర ఇంకో అంకె తగిలిస్తే?"

"ఏ అంకె తగిలించినా ప్రధానం కాదు. ఇంకేదో సంఖ్య దాన్ని భాగించేస్తుంది."

"అయ్యో! కోస్తే బతికింది, తగిలిస్తే చచ్చిందా!"

క్లాసంతా గొల్లుమంది. అన్నేళ్ళు మోసిన సంఖ్యను నేను ఒకవైపు నుంచే చూశాను.

"వినపడుతోందా? రేపే తీసుకొస్తున్నారు," అన్నాడాయన గుమ్మంలోంచి.

వినపడుతోంది. ముందు నెల రోజులు సెలవు పెట్టమంటారు. తర్వాత ఇంకో నెల. ఆ తర్వాత నా బోర్డు మీద ఇంకెవరో రాస్తుంటారు. అప్పుడు కూడా "మేం మానమనలేదే" అంటారు.

బీన్స్ గిన్నె ఆయన చేతిలో పెట్టాను.

"పొద్దున్నే నాకు క్లాసుంది. పాలు పట్టడం మీరు నేర్చుకోండి."

టీవీ ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ ఏదంటే అది సరేనన్నదానివి, ఇప్పుడేమొచ్చిందే నీకు?" అంది అత్తయ్య.

"తీసుకున్నప్పుడు సరే అన్నాను అత్తయ్యా. తగిలిస్తే అనను."