తమ్ముడు చెప్పిన తూకం

సంచీ సర్దడం అక్క పని. పలచటి దుప్పటి, ఒక జత మేజోళ్ళు, చేతులు పొట్టిగా ఉన్న చొక్కా, రెండు ఉడకబెట్టిన గుడ్లు పెట్టిన డబ్బా, చిన్న సీసాలో నీళ్ళు. ఆ సీసాకి పక్కన గీత గీసి ఉండేది, అంతకు మించి తాగకూడదని డాక్టరు మాట. అన్నీ పెట్టి జిప్పు లాగేది. దుప్పటి పెట్టానో లేదోనని మళ్ళీ తీసి చూసేది. మళ్ళీ లాగేది.

"నేను వెళ్ళేది నాలుగు వీధుల అవతలికి అక్కా. నువ్వు సర్దే తీరు చూస్తే చంద్రమండలానికి పంపిస్తున్నావనుకుంటారు," అనేవాడు తమ్ముడు.

"నోర్మూసుకుని చెయ్యి ఇటివ్వు."

అతను ఎడమ చెయ్యి చాపేవాడు. మోచేతికి పైన, డయాలసిస్ మిషను సూదులు గుచ్చడానికి వీలుగా డాక్టర్లు రెండు నరాలు కలిపి కుట్టిన చోట, చర్మం కింద ఎప్పుడూ జుమ్ముమంటూ ఉండేది, పిల్లి గురక పెట్టినట్టు. అది ఆడుతున్నంతకాలం చెయ్యి బాగున్నట్టు. ఆ గురక తన వేళ్ళకి తగిలాకే అక్క అతన్ని గుమ్మం దాటనిచ్చేది.

వారానికి మూడుసార్లు ఇదే తంతు. మూడుసార్లూ అతను తిరిగొచ్చేదాకా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఇస్త్రీ చేసేది. ఊరికే భయపడే మనిషి కాదు, కారణం ఉంది. వాళ్ళమ్మ కూడా ఒకనాడు ఇలాగే సంచీ సర్దుకుని ఆస్పత్రికి వెళ్ళింది. చిన్న ఆపరేషనే, ఎల్లుండికల్లా వచ్చేస్తా, తమ్ముణ్ణి చూసుకో అంది. అప్పుడు అక్కకి పదిహేనేళ్ళు, తమ్ముడికి ఏడు. అమ్మ రాలేదు. అక్క తమ్ముణ్ణి చూసుకుంటూనే ఉంది, ఇద్దరికీ తల నెరిసినా.

వాళ్ళది లాండ్రీ. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. తెచ్చిన బట్టలు తూచి, కిలోకి ఇంత అని తీసుకుంటారు. నేల మీద వెడల్పాటి తూకం పలక ఉంటుంది. అంకెలు కనిపించే డబ్బా మాత్రం కౌంటరు అవతల, కూర్చున్న మనిషి వైపు తిరిగి ఉంటుంది. తమ్ముడి చేతికి ఆ కుట్లు పడ్డాక బరువులు ఎత్తకూడదన్నారు. అప్పటినుంచి మూటలూ ఇస్త్రీ అక్క చూసుకునేది. కౌంటర్లో కూర్చోవడం, తూకం చదవడం, ఊడిన బొత్తాలూ చిరుగులూ కుట్టడం తమ్ముడివి.

తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. తనది ఇస్తానని అక్క ముందుకొచ్చింది. రక్తం కలిసింది, మిగతావన్నీ కలిశాయి, ఆమె బరువు ఒక్కటే అడ్డం పడింది.

"ఈ బరువుతో కోస్తే మీకే ప్రమాదం. ఎనభై కిలోల లోపుకి దిగండి, అప్పుడు ఆపరేషను సంగతి చూద్దాం," అన్నాడు డాక్టరు. అప్పుడామె తొంభై ఆరు. దిగడానికని వారానికొక ఇంజెక్షన్ రాసిచ్చాడు.

 ఇంటికొచ్చి కొట్టు తాళం తీస్తూ తమ్ముడు, "మనం కిలో లెక్కన తీసుకుంటాంగా. నిన్ను ఒక్కసారి ఉతికితే ఈ నెల అద్దె వచ్చేస్తుంది," అన్నాడు. ఆమె పడీపడీ నవ్వింది. అతను నవ్వలేదన్న సంగతి చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది.

ఇంజెక్షన్ ఎలా వేసుకోవాలో డయాలసిస్ సెంటర్లో ఉండే పొడుగు నర్సు చూపించింది. చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంది.

"వారంలో ఒక రోజు పెట్టుకోండి, ఆ రోజు మార్చొద్దు. వేసిన చోటే మళ్ళీ వెయ్యొద్దు. పొట్టకి ఒక పక్క, తర్వాత రెండో పక్క, తర్వాత తొడలు, అలా తిప్పుకుంటూ రండి. ఫ్రిజ్‌లో పెట్టండి కానీ గడ్డకట్టనివ్వొద్దు. ఎక్కడ వేశారో, బరువు ఎంతో, వికారం ఉందో లేదో ఎప్పటికప్పుడు ఫోన్లో రాసుకోండి."

ఫోన్లో రాయడం అక్క వల్ల కాలేదు. కళ్ళజోడు పెట్టుకుంటే అక్షరం కనిపించేది, వేలు మాత్రం పక్క అక్షరం మీద పడేది. తొంభై ఆరు అని కొట్టబోతే తొమ్మిది వందల అరవై పడింది.

"ఇంత బరువుంటే మన పలక విరిగేది," అన్నాడు తమ్ముడు. "నీకిది అచ్చిరాదు గానీ, మన పద్ధతిలో చేద్దాం."

వెనక గదిలో ఈ గోడ నుంచి కిటికీ దాకా తీగ కట్టాడు. నాలుగు రంగుల బట్టల క్లిప్పులు ఏరాడు. ఎరుపు పొట్టకి కుడిపక్క, నీలం ఎడమపక్క, పసుపు కుడితొడ, ఆకుపచ్చ ఎడమతొడ. బుధవారం కొట్టు పలచగా ఉంటుంది కాబట్టి బుధవారం అనుకున్నారు. పొద్దున్నే ఆమె పలకెక్కి నిలబడుతుంది, అతను అంకె చదువుతాడు. బట్టల మీద గుర్తులు వేసే చెరగని సిరాతో ఆ అంకెని గుడ్డపీలిక మీద రాసి, ఆ వారం రంగు క్లిప్పుతో తీగకి తగిలిస్తాడు. వాంతి అయిన వారం పీలిక కొసకి ముడి. ఇంజెక్షన్లు ఫ్రిజ్ తలుపులో, గుడ్ల పక్కన.

"క్లిప్పులు కిటికీ దాకా వచ్చేసరికి నేను ఎనభై లోపుకి రావాలి," అంది అక్క.

"వస్తావులే. నువ్వు పట్టిన పట్టు వదిలిన రోజు ఎప్పుడుంది," అన్నాడు.

మొదట్లో దిగింది. తొంభై నాలుగు. తొంభై ఒకటి. ఆకలి అనేది ఎటో ఊరెళ్ళిపోయింది. కంచం ముందు కూర్చుంటే నాలుగు ముద్దలకే చాలనిపించేది. వికారానికి నిమ్మకాయ వాసన చూసుకుంటూ ఇస్త్రీ చేసేది. అయినా ప్రాణానికి హాయిగా ఉండేది, పీలిక తర్వాత పీలిక అంకె తగ్గుతోంది మరి.

ఎనభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

"ఎంతరా?"

"ఎనభై ఎనిమిదే."

ఇంకో బుధవారం. "ఎంత?"

"అంతే అక్కా. అక్కడే కూర్చుంది."

అక్క ఫోన్లో చెప్పిన అంకె విని డాక్టరు మందు మోతాదు పెంచాడు. వాంతులు పెరిగాయి. అతనే బేసిను పట్టుకునేవాడు, వీపు రాసేవాడు, మూతి తుడుచుకోవడానికి తడిగుడ్డ ఇచ్చేవాడు. పీలికలకి ముడులు పడుతున్నాయి, అంకె మాత్రం కదలడం లేదు. ఆమె రాత్రి తిండి మానేసింది. తర్వాత మధ్యాహ్నం సగం చేసింది. తన ఒళ్ళే తనకి శత్రువైనట్టు, తన నడుం చుట్టూ ఉన్న కొవ్వే తమ్ముడి ప్రాణాన్ని పట్టుకుని వదలనట్టు, ఒకటే కుమిలిపోయేది.

బట్టలు వేయడానికొచ్చిన టీచరమ్మ ఒకసారి, "ఏంటండీ, మనిషి సగమైపోయారు," అంది. ఆవిడ వెళ్ళాక అక్క ఆశగా తమ్ముడి వైపు చూసింది.

"మందు ముందు మొహంలో పనిచేస్తుందట అక్కా. నడుం దాకా రావడానికి టైం పడుతుంది," అన్నాడు, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

నమ్మింది. తను గోరుముద్దలు పెట్టి పెంచినవాడు. అతను చదివిన అంకె మీద అనుమానం ఆమెకి కల్లో కూడా రాలేదు. పైగా గౌన్లు ఎప్పటిలాగే ఒంటికి పట్టినట్టే ఉన్నాయి.

ఫిబ్రవరి దాటింది. క్లిప్పులు కిటికీకి జానెడు దూరంలోకి వచ్చాయి. ఇక లాభం లేదు, డాక్టరు దగ్గరికి తనే ఒంటరిగా వెళ్ళి వేరే దారి ఏదైనా ఉందేమో కాళ్ళావేళ్ళా పడి అడుగుదామనుకుంది. అంత పెద్దాయన ముందుకి నలిగిన బట్టలతో ఏం పోతాం అని, బయటికి కట్టుకెళ్ళే గౌను తీసి బల్ల మీద పరిచింది. నవ్వొస్తుంది గానీ, ఊరందరి బట్టలూ ఇస్త్రీ చేసే ఆ మనిషి తన బట్టలకి ఏనాడూ పెట్టె ఆనించలేదు. మడతపెట్టి పరుపు కింద పెట్టుకోవడమే.

ఇస్త్రీపెట్టె ముక్కు పక్క కుట్టు దగ్గర తట్టుకుంది. గుడ్డ అక్కడ మందంగా ఉంది. తిరగేసి చూసింది. చంక కింద నుంచి అంచు దాకా, పాత కుట్టుకి లోపలగా ఇంకో కుట్టు. కొత్త దారం. దానికీ లోపలగా మరొకటి. మొదట కొంచెం పట్టి, కొన్నాళ్ళకి ఇంకొంచెం పట్టినట్టు. రెండో పక్కా అంతే. ఆ సన్నటి కుట్టు ఎవరిదో ఆమెకి తెలియంది కాదు. పని గౌన్లు తెచ్చి తిరగేసింది. అన్నీ అంతే.

బ్లేడుతో కుట్లు విప్పింది. గౌను తొడుక్కుంటే వంకీకి వేలాడేసినట్టు వేలాడింది. అలాగే ముందు గదిలోకి వచ్చి, పలకెక్కి నిలబడింది.

"చదువు."

తమ్ముడు తలెత్తి గౌను చూశాడు. వదులుగా జారిపోతున్న భుజాలు చూశాడు. తర్వాత డబ్బాలోకి చూశాడు.

"డెబ్భై తొమ్మిది," అన్నాడు.

"ఎన్నాళ్ళైంది ఎనభై దిగి?"

"నెల దాటింది."

"నేను పేగులు తెగేలా కక్కుకుంటుంటే చూస్తూ కూర్చున్నావా?"

"చూడలేకే చచ్చాను. ప్రతి బుధవారం చెప్పేద్దామనుకునేవాణ్ణి. నువ్వు మొహం కడుక్కుని వచ్చి నిలబడేదానివి. మళ్ళీ ఎనభై ఎనిమిదే అనేవాణ్ణి."

"ఎందుకురా ఇదంతా?"

అతను కౌంటరు మీది బొత్తాల డబ్బాలో వేలు తిప్పాడు.

"అమ్మ కూడా చిన్న ఆపరేషనే అంది," అన్నాడు.

 ఇన్నేళ్ళలో వాడు ఆ మాట ఎత్తడం అదే మొదలు.

"మిషను మీద ఏళ్ళ తరబడి బతుకుతున్నవాళ్ళు నా పక్క మంచాల్లోనే ఉన్నారక్కా. నీ కిడ్నీ పెట్టుకుని నేనొక్కణ్ణే ఇంటికొస్తే, ఈ కొట్లో కూర్చుని ఎవరికి చదవాలి తూకం?"

"వద్దని చెప్పొచ్చుగా నాతో."

"నీకు వద్దని చెప్పి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. అందుకే కుట్టుకుంటూ కూర్చున్నా."

ఆమె పలక దిగి, మూటల మీద కూలబడింది. కాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక చెంగుమని లేవలేదు, కేకలు పెట్టలేదు. మెల్లగా అంది, "ఒరేయ్, నువ్వు సంచీ పట్టుకుని ఆ గుమ్మం దాటిన ప్రతిసారీ నేను చచ్చి పుడుతున్నాను. వారానికి మూడుసార్లు. నా కోసం నువ్వు ఒక్కసారి భరించలేవా?"

 అతను లేచి వెళ్ళి గుడ్డపీలిక చింపాడు. డెబ్భై తొమ్మిది అని రాసి, తీగకి కిటికీ వైపు చిట్టచివర తగిలించాడు. ఫోను తీసి పొడుగు నర్సుకి చేసి, ఫోను అక్క చేతిలో పెట్టాడు.

"డెబ్భై తొమ్మిదా? మరింకేం, పోయిన నెలలోనే రావాల్సింది మీరు," అంది నర్సు, ఏమీ తెలియక. డాక్టర్ని అడిగి చెప్పింది. వచ్చే సోమవారం ఇద్దరూ రావాలి. పరీక్షలకి అక్కని రెండు రోజులు ఉంచుకుంటారు. ఈలోగా ఇంజెక్షన్ ఆపేయాలి.

ఫోను చేసిన తర్వాత రెండు రోజులూ ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. అక్క విప్పేసిన గౌన్లన్నీ తమ్ముడు మళ్ళీ ముందేసుకున్నాడు. ఈసారి ఆమెని ఎదురుగా నిలబెట్టి, గుండుసూదులు గుచ్చి కొలత తీశాడు. కొలత సరిగ్గా ఇదివరకు తను వేసిన కుట్టు ఆనవాలు మీదే పడింది.

"చూశావా, నేను కుట్టింది రవ్వంత తేడా లేదు. విప్పి దండగపని చేశావు," అన్నాడు.

"దొంగపని చేసి పైగా గొప్పలు," అంది అక్క. చాన్నాళ్ళకి ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజు ఆమె రెండు ముద్దలు ఎక్కువ తింది, తప్పు చేసినదానిలా అతని మొహం చూస్తూ.

శనివారం పొద్దున మామూలుగానే సంచీ సర్దింది. దుప్పటి, మేజోళ్ళు, చొక్కా, గుడ్లు, గీత దాకా నీళ్ళు. జిప్పు లాగి, తీసి, మళ్ళీ లాగింది. చెయ్యి పట్టుకుని చూసింది. గురక బాగానే ఉంది.

"సోమవారం నీ సంచీ నేను సర్దుతా," అన్నాడు తమ్ముడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ. "ఎలా సర్దాలో చూసి నేర్చుకో. జిప్పు ఒక్కసారే లాగుతారు."

"ముందు వెళ్ళిరా, ఆలస్యమవుతోంది."

వీధి మలుపులో ఒకసారి వెనక్కి తిరిగి, సంచీ పైకెత్తి ఊపాడు.

మధ్యాహ్నం టీచరమ్మ చీరకి పెట్టె ఆనిస్తుంటే ఫోను మోగింది. పొడుగు నర్సు. మిషను మీద ఉండగానే గుండె ఆగిందనీ, డాక్టర్లు చేయగలిగిందంతా చేశారనీ చెప్పింది.  అక్క ముందు ఇస్త్రీపెట్టె తీగ పీకింది. తర్వాత, చెయ్యి చూసే పంపాను, బాగానే ఆడింది కదా అంది. అదే మాట నాలుగుసార్లు అంది.

సాయంత్రం నర్సే సంచీ తెచ్చిచ్చింది. దుప్పటి మడత విప్పలేదు. గుడ్డు ఒకటి తిన్నాడు. నీళ్ళు గీతకి కొంచెం కింద ఉన్నాయి.

బుధవారం పొద్దున అక్క అలవాటు కొద్దీ పలకెక్కి నిలబడింది. ఎంతసేపు నిలబడిందో, దిగి, కౌంటరు అవతలికి వెళ్ళి చూస్తే డబ్బాలో సున్నా ఉంది. ఫ్రిజ్ తలుపులో గుడ్ల పక్కన ఇంకా రెండు ఇంజెక్షన్లు ఉన్నాయి. తీగ మీద పీలికలన్నీ అలాగే ఉన్నాయి, ఆమె ఒక్కటీ తియ్యలేదు.

తమ్ముడు తిరిగి రాలేదు. అతను సంచీ ఊపి వెళ్ళింది మార్చి నెల రెండో శనివారం.