పదకొండో సాలు

కురుమయ్య రోజూ పొద్దున ఆరున్నరకు సున్నం డబ్బా పట్టుకుని కాలేజీ గ్రౌండులోకి వస్తాడు. రాగానే ముందు చేసే పని, గోల్ కర్రలు ఇవాళ ఎక్కడున్నాయో చూసుకోవడం. గద్వాల ఊరి చివరి ఆ డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా అటెండరుగా ఉన్నవాడికి కర్రలు కదలడం కొత్తేమీ కాదు. ఎంతమంది ఆడితే గ్రౌండు అంత. ఒక పిల్ల ఆట మానేస్తే మర్నాటికి రెండు గోల్‌ల మధ్య ఎనిమిది మీటర్ల చిల్లర తగ్గుతుంది. ఒక పిల్ల చేరితే అంతే పెరుగుతుంది. ఆయన కర్రలు ఎక్కడుంటే అక్కడి నుంచి గీత మొదలుపెడతాడు.

ఆగస్టులో కొత్త కోచ్‌గా ఉజ్మా వచ్చేనాటికి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో ఆరుగురు మిగిలారు. గ్రౌండు యాభై మీటర్లు కూడా లేదు. మిగిలిన జాగాలో లెక్చరర్లు స్కూటర్లు పెట్టుకుంటున్నారు. లెక్కల సారైతే తన కారు కోసం రేకుల షెడ్డు కూడా వేయించుకున్నాడు.

చేరిన రోజే ప్రిన్సిపాల్ ఆమెను పిలిచి విషయం చెప్పాడు. "వచ్చే నెల రెండో గురువారం యూనివర్సిటీ నుంచి దానియేలు సారు వస్తుండు మేడం, గ్రౌండు కొల్వనీకె. తొంభై మీటర్లు ఉంటేనే టీము ఉంటది. లేకుంటే లిస్టులకెల్లి తీసేస్తరు. తీసేస్తె గా జాగల బస్సులు నిలబెట్టుకుంటం." చెప్పే తీరు చూస్తే బస్సుల మీదే ఆయనకు మనసున్నట్టుంది.

ఉజ్మాది వనపర్తి. ఆమె డిగ్రీ చదివేటప్పుడు అక్కడి జట్టును ఇలాగే, మనుషులు చాలడం లేదని మూసేశారు. అప్పుడామె కెప్టెను. ఆఖరి రోజు బంతులన్నీ సంచిలో వేసి తాళం వేసినవాళ్లకు ఆమే అందించింది, ఒక్క మాట మాట్లాడకుండా. ఆ సిగ్గు పన్నెండేళ్లయినా పోలేదు. అందుకే ఈ కోచ్ ఉద్యోగం కాంట్రాక్టుదే అయినా, జీతం మూడు నెలలకోసారి వచ్చేదే అయినా ఎగిరి గంతేసి చేరింది. ఈసారి మూతపడనివ్వకూడదు. ఆమెకు కావలసింది అదొక్కటే.

ఇల్లిల్లూ తిరిగింది. తల్లులతో మాట్లాడింది, చాయ్‌లు తాగింది, కొన్నిచోట్ల తిట్లు కూడా తిన్నది. రెండు వారాల్లో పదకొండుమంది అయ్యారు. అందరికంటే చివర చేరిన స్వరూప కాలు బంతికి తగిలితే చప్పుడే వేరుగా ఉండేది. ఆ పిల్ల చేరిన మర్నాడు గోల్ కర్ర పడమటి గోడ దగ్గరి లెక్కల సారు షెడ్డు పక్కన నిలబడింది. తాడు పెట్టి కొలిస్తే తొంభై మీటర్ల ముప్పావు. లెక్కల సారు ముఖం ముడుచుకుని కారు తీసేశాడు.

ఆ సంతోషం ఆరు రోజులున్నది. ఏడో రోజు నాగర్‌కర్నూల్ జట్టును పిలిచి ఆడితే తొమ్మిది గోల్‌లు పడ్డాయి. ఇటు నుంచి ఒక్కటీ లేదు.

ఓడిపోవడం ఉజ్మాకు తెలుసు, ఇలా ఓడిపోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. పిల్లలు బాగా పరిగెడతారు, బాగా తంతారు. కానీ ఎదుటి పిల్ల బంతితో పక్కకు తిరిగిందా, అక్కడే ఆగిపోతారు. బంతి మూరెడు దూరంలో పోతున్నా కాలు చాపరు. గోల్ దగ్గర నిలబడ్డ రాజోలి పిల్ల సింధూజ గొంతు పోయేట్టు అరుస్తున్నా ఎవరూ తమ వరస దాటలేదు.

"పక్కనుంచే పోయింది కదనే బంతి. ఎందుకు ఆపలే?" ఉజ్మా అడిగింది.

"గది నా జాగ కాదు మేడం," అన్నది స్వరూప తల వంచుకుని. మిగతావాళ్లూ అదే మాట అన్నారు.

మర్నాడు నలుగురు రాలేదు, సిగ్గుపడి. ఆ మర్నాడు స్వరూప కూడా రాలేదు. కర్రలు దగ్గరికి జరిగాయి. షెడ్డులోకి కారు మళ్లీ వచ్చింది. గురువారానికి ఇంక తొమ్మిది రోజులే ఉంది.

స్వరూప ఎక్కడుందో వెతకనక్కర లేకపోయింది. కాలేజీ పడమటి గోడ అవతలే వాళ్లు కౌలుకు చేసే రెండెకరాల సీడ్ పత్తి, విత్తనాల కోసం వేసేది. గోడకు మేకలు దూరేంత సందుంది. ఉజ్మా అందులోంచి దూరి అవతలికి వెళ్లేసరికి చేనులో ఐదుగురు ఆడవాళ్లు సాలుకొకరు చొప్పున నడుము వంచి ఉన్నారు. క్రాసింగ్ పని జోరుగా సాగుతోంది. మధ్యాహ్నం మొగ్గ చీల్చి లోపలి పుప్పొడి గిల్లేసి గుర్తుకు ఎర్ర కాగితం తగిలిస్తారు. మర్నాడు పొద్దున ఆ పువ్వు విచ్చుకున్నాక మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. రెండు నెలలపాటు ఇదే పని, ఒక్క పూట కూడా తప్పకుండా.

స్వరూప పక్క సాలు మనిషి నీళ్లు తాగడానికి వెళ్లింది. ఆ సాలులో ఒక పువ్వు వంగి స్వరూప భుజానికి తగులుతోంది. స్వరూప దాన్ని చూసింది, తప్పించుకుని ముందుకు పోయింది.

"చేతికే అందుతుంది కదా, నువ్వే రుద్దొచ్చు కదా," అన్నది ఉజ్మా.

జవాబు స్వరూప తల్లి జములమ్మ ఇచ్చింది, పని ఆపకుండానే. "ఎవరి సాలు వాల్లదే మేడం. ఒకరి సాలుల ఇంకొకరు చెయ్యి పెట్టొద్దు. రేపు కాయ నిలవకుంటే ఎవరినడగాలె? గీ పిల్లలు నడకొచ్చిన్నుంచి నేర్చుకున్నది గదే."

తొమ్మిది గోల్‌లు ఎందుకు పడ్డాయో ఉజ్మాకు అప్పుడు తెలిసింది. పదకొండుమందీ ఇలాంటి చేలల్లోంచి వచ్చినవాళ్లే. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే గురువారం గుర్తొచ్చింది.

"అక్కా, గురువారం పది గంటలకు స్వరూపను పంపు. ఒక్క గంట చాలు. సారు వచ్చి గ్రౌండు కొలుస్తడు. పదకొండుమంది లేకుంటే టీము పోతది."

"పది గంటలకే పువ్వు మంచిగ పడ్తది. పన్నెండైతే వాడిపోతది. మీ సారును మాపటికి రమ్మను."

"అడిగిన అక్కా. మాపటికి నాగర్‌కర్నూల్ పోవాల్నట."

జములమ్మ నడుము నిలిపి ఆమెను చూసింది. కోపం లేదు ఆ చూపులో, అలసట ఉంది. "కౌలు చేను మేడం. పైసలిస్తమన్నా కూలోల్లు దొరుకుత లేరు. ఒక్క పొద్దు ఇడిస్తే ఆ పొద్దు పువ్వు మల్ల రాదు. నువ్వే చెప్పు, ఎట్ల పంపాలె?"

ఆమె చెప్పినదాంట్లో తప్పుపట్టడానికి ఒక్క ముక్క కూడా లేదు. ఉజ్మాను ఎక్కువ బాధపెట్టింది అదే. తిరిగి వస్తుంటే స్వరూప వెనక నుంచి మెల్లగా అన్నది. "రిజిస్టరుల నా పేరు కొట్టెయ్యకుండ్రి మేడం."

మర్నాడు ఉజ్మా కురుమయ్య చేత గ్రౌండు మీద పదకొండు సాళ్లు గీయించింది. అయితే నిటారుగా కాదు, ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ పోయేలా గీయించింది. ఏ పిల్ల తన సాలులో నడిచినా నాలుగడుగులకోసారి ఇంకొకరి సాలు తొక్కక తప్పదు.

"గిట్లయితే తొక్కుడే కద మేడం," అన్నది సింధూజ.

"తొక్కుడే. గీ చేన్ల బంతి ఎక్కడుంటే అదే మీ సాలు."

మొదటి రోజు పిల్లలు ఒకరినొకరు గుద్దుకుని కిందపడి నవ్వుకున్నారు. రెండో రోజు నవ్వడం తగ్గింది. మూడో రోజు ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి పక్కదాని కాళ్ల దగ్గరి బంతి లాక్కుని ముందుకు తన్నింది, తన్ని తప్పు చేసినట్టు నాలుక కరుచుకుంది. ఉజ్మా చప్పట్లు కొట్టింది. మానేసిన నలుగురూ గోడ మీద కూర్చుని ఇదంతా చూస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరే దిగి వచ్చారు. సోమవారానికి పదిమంది అయ్యారు. గ్రౌండు ఎనభై రెండున్నర దగ్గర ఆగింది.

పదకొండో మనిషి కోసం ఉజ్మా తిరగని వీధి లేదు. పత్తి పని మీద ఊళ్లో పిల్లన్నదే కనబడలేదు. బుధవారం ఆమె అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేక లేచిపోయింది.

గురువారం పది గంటలకు దానియేలు సారు వచ్చాడు. సన్నటి మనిషి, మాటలు తక్కువ, చంకలో ఫైలు. టేపు ఒక చివర కురుమయ్యకు ఇచ్చి తూర్పు గోల్ దగ్గర నిలబెట్టి, తానే విప్పుకుంటూ నడిచాడు. ఉజ్మా పక్కనే నడిచింది. యాభై దాటింది. డెబ్బై దాటింది. ఎనభై దాటింది.

"ఎనభై రెండున్నర," అన్నాడాయన పడమటి గోల్ కర్రను తాకుతూ. వెనకాల ప్రిన్సిపాల్ సంతోషం కనబడకుండా దగ్గాడు.

"సార్, ఒక పిల్ల తక్కువుంది. జర ఆగుండ్రి."

దానియేలు ఆ మాటకు ఆశ్చర్యపోలేదు. ఎన్నో కాలేజీల గ్రౌండులు కొలిచినవాడు. "ఫారంల నాలుగు పేజీలున్నయ్ మేడం. కొలత చివరి పేజీల రాస్త. అప్పటికి ఎంతుంటే అంతే." వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని పెన్ను తీశాడు.

ఉజ్మాకు చేయగలిగింది ఒక్కటే తోచింది. "ఆడుండ్రి," అన్నది పిల్లలతో. "స్వరూప సాలు ఖాళీగ ఇడిసిపెట్టుండ్రి. బంతి దొరికినప్పుడల్లా అటే తన్నుండ్రి."

పిల్లలు రెండు జట్లుగా ఆడసాగారు. బంతి మాటిమాటికీ ఖాళీ సాలులోకి పోయి పడమటి గోడకు కొట్టుకుని తిరిగొస్తోంది. పోయిన ప్రతిసారీ సింధూజ కేక పెడుతోంది. "స్వరూపా, నీకే."

గోడ అవతల స్వరూప వేళ్ల మధ్య మగ పువ్వు ఉంది. చేతులు ఎర్ర కాగితాలున్న పువ్వులను ఒక్కటీ వదలకుండా రుద్దుకుంటూ పోతున్నాయి. కాళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుంటున్నాయి. కేక వినబడినప్పుడల్లా ఎడమ కాలు వెనక్కి పోతోంది, మడమ లేస్తోంది, రాని బంతిని ఆపుతోంది. పత్తి చెట్ల మొదళ్ల దగ్గర మట్టి రేగుతోంది. ఆ పిల్ల ఏడుస్తోంది కూడా, చప్పుడు లేకుండా.

దానియేలు రెండో పేజీ తిప్పాడు.

ముందుగా చూసింది కురుమయ్యే. తాను పొద్దున మూల దగ్గర తిప్పి ఆపిన గీత ఇప్పుడు అక్కడ ఆగి లేదు. తెల్లగా, తిన్నగా, మేకల సందులోంచి అవతలికి పోతోంది. ఆయన ఖాళీ డబ్బా వైపు ఒకసారి చూసుకున్నాడు.

గీత గోడ దాటి, గట్టు ఎక్కి దిగి, పత్తిలో జొరబడింది. ఐదు సాళ్లలో మూడోదాని వెంట, అంటే స్వరూప సాలు వెంట, ఒక్క మొక్కనూ నలపకుండా వచ్చింది. ఆమె మడమలను చుట్టి రెండడుగులు ముందుకు పోయి ఆగింది. పిల్ల గీత లోపల నిలబడి ఉంది.

జములమ్మ నడుము నిలిపింది. గీతను చూసింది, బిడ్డ కాళ్లను చూసింది, కాళ్ల కింద రేగిన మట్టిని చూసింది. మిగతా ఆడవాళ్లు చేతులు ఆపి ఆమె ఏమంటుందా అని నిలబడ్డారు. గోడ అవతల మూడో పేజీ తిప్పిన చప్పుడు ఎవరికీ వినబడలేదు కానీ దానియేలు తిప్పాడు.

"అమ్మా, ఇంక నలభై పువ్వులున్నయ్. అయిపోగొట్టే పోత," అన్నది స్వరూప. అనడమైతే అన్నది కానీ చూపు గోడ వైపే ఉంది.

"గీత పడ్డది. ఆ సాలు గ్రౌండుది, నాది కాదిప్పుడు," అన్నది జములమ్మ. అని సాలు పొడుగునా చూసింది. ఆ నలభై పువ్వులూ ఆమె లెక్కలో ఉన్నవే. "పో బిడ్డ. నేను రాను దాంట్లకి."

స్వరూప చేతిలోని మగ పువ్వు తల్లికిచ్చి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పరిగెత్తింది. సందులోంచి దూరి వచ్చేసరికి సింధూజ తన్నిన బంతి ఎదురొచ్చింది. ఉత్త కాలితోనే ఆపింది. ఆ చప్పుడుకు ఉజ్మా వెనక్కి తిరిగింది. తిరిగి చూసేసరికి పడమటి గోల్ కర్రలు గోడను ఆనుకుని నిలబడి ఉన్నాయి.

దానియేలు నాలుగో పేజీ మీద పెన్ను పెట్టి లేచాడు. మళ్లీ టేపు విప్పాడు. "తొంభై మీటర్ల డెబ్బై ఐదు," అని రాసుకున్నాడు. ప్రిన్సిపాల్ కారు తీయించడానికి లెక్కల సారు కోసం అటూ ఇటూ చూశాడు.

"పదకొండో పేరు చెప్పుండ్రి మేడం."

ఉజ్మా రిజిస్టరు తెరిచింది. ఆ పేరు వెతికేలోపే ఆమె పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. జములమ్మ. వేళ్లకు పసుపుపచ్చగా పుప్పొడి అంటి ఉంది.

"స్వరూప," అన్నది ఆమె. "బీయస్సీ రెండో సంవచ్చరం. హాల్‌టికెట్ నెంబరు గిట్ట కావాల్నా సారు? నాకు నోటికొస్తది."

దానియేలు రాసుకుంటుంటే ఆమె ఒక్కో అంకె చెప్పి, మళ్లీ సందులోంచి చేనుకు పోయింది. ఆ పొద్దు స్వరూప సాలులో నలభై పువ్వులు ఎవరూ తాకక వాడి ముడుచుకున్నాయి. జములమ్మ పక్క సాలులో పని చేస్తూ వాటిని చూసింది, చెయ్యి పెట్టలేదు. పదకొండున్నరప్పుడు గోడ అవతల పెద్ద కేక లేచింది, ఎవరో గోల్ కొట్టినట్టున్నారు. ఇంకా రుద్దాల్సిన పువ్వులు ఎన్నో ఉన్నాయి. అయినా ఆమె పని ఆపి, కొట్టింది తన బిడ్డేనా అని చెవి అటు పెట్టి నిలబడింది.